గజం కర్రకి రెండో కొస

పదో తరగతి దాకా నేను చదివింది ఉర్దూ మీడియం, గుంటూరులో. డిగ్రీకి వచ్చేసరికి తెలుగు తీసుకున్నాను. ఈ రెండు చదువుల వల్ల నాకో అలవాటు ఉండిపోయింది. ఏ కాగితం చేతికొచ్చినా కళ్లు ముందు కుడివైపుకి పోతాయి. కాసేపటికి గుర్తొచ్చి ఎడమవైపుకి వస్తాయి. ఇరవై ఏళ్లుగా తెలుగు పేపర్లో పనిచేస్తున్నా ఇది పోలేదు. మా బేగం చూసి నవ్వుతూనే ఉంటుంది.

మొన్న కారు షోరూం వాళ్లు ఇచ్చిన కొటేషన్ దగ్గర ఈ అలవాటే నన్ను ముంచబోయింది. ఆ కాగితంలో ఎడమవైపు పనుల పేర్లు, కుడివైపు రూపాయలు. నా కళ్లు తిన్నగా కుడివైపు అడుక్కి పోయాయి. అక్కడ 38,800 అని ఉంది. అంతే, దిల్ జారిపోయింది. ఎడమవైపు ఏముందో చదవనే లేదు. చదవకుండానే మనసులో ఫైసలా అయిపోయింది: వీళ్లు దొంగలు.

ముందు కారు సంగతి చెప్పాలి. పెట్రోలు బండి, చిన్నది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాని వయసు ఆరేళ్లు. అరవై వేల కిలోమీటర్లకి దగ్గర పడింది. షికార్ల కోసం కొనలేదు, మా ఖాలూ కోసం కొన్నాను.

మా అమ్మీ చెల్లెలు నిఖా అయ్యి గుంటూరు నుంచి ఇటు వచ్చింది. పద్దెనిమిదేళ్ల క్రితం నాకు పలాస బదిలీ అయినప్పుడు, కొత్త చోట మన ఖాలా ఉంది కదా అనే ధైర్యంతోనే ఒప్పుకున్నాను. ఖాలూ వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర ఊళ్లో ఉంటారు. బట్టల మూట సైకిల్ వెనక కట్టుకుని ముప్పై ఏళ్లు ఉద్దానం ఊళ్లన్నీ తిరిగారు. మందస, సోంపేట, కవిటి, ఎక్కడికి వెళ్లినా జీడితోటల నీడలో ఆగడం, ఎవరింటి దగ్గరో కుండలో నీళ్లు తాగడం. ఉర్దూ కంటే సిక్కోలు తెలుగే ఆయనకి బాగా వస్తుంది. ఉద్దానంలో ఎందరికో వచ్చిన కిడ్నీ జబ్బు ఆయనకీ వచ్చింది. నీళ్ల వల్లా, ఎండ చాకిరీ వల్లా, మరోదాని వల్లా అని డాక్టర్లు, శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతుకుతున్నారు. ఇదీ కారణం అని ఇంకా ఒక్కదాని మీద వేలు పెట్టలేదు. ఆయన మాత్రం ఎవరినీ నిందించరు. ‘అల్లా మర్జీ, నీళ్లిచ్చిన ఆడకూతుళ్లు ప్రేమతోనే ఇచ్చినారు’ అంటారు.

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ వార్త రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఖాలూకి వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, డయాలసిస్. వెళ్లేటప్పుడు ఆటోలో కూర్చోగలరు. వచ్చేటప్పుడే కష్టం. బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, కాళ్లు పీక్కుపోతాయి. వెనక సీట్లో ఖాలా ఒళ్లో తల పెట్టుకుని పడుకోవాలి. అందుకని ఈ కారు. ఇది ఆగిపోతే ఆయన ఆగిపోతారని నాకో భయం.

ఆ శనివారం పొద్దున్నే ఫజర్ చదువుకుని బయల్దేరాను. హైవే మీద జిల్లా కేంద్రం వైపు ఉన్న షోరూంకి వెళ్లాను. పేరు అవసరం లేదు. చల్లటి గది, కాఫీ మెషిన్, సోఫా. సర్వీస్ అడ్వైజర్ ఇరవై అయిదేళ్ల కుర్రాడు. కవిటి వైపు వాడు. మర్యాదగా ‘సార్, సార్’ అంటూ కారంతా తిరిగి చూశాడు, కంప్యూటర్లో కొట్టాడు, రెండు పేజీల కాగితం చేతిలో పెట్టాడు.

నేను కుడివైపు చూశానని చెప్పాను కదా. తర్వాత మధ్యమధ్యలో కొన్ని పదాలు కంట్లో పడ్డాయి. ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, బ్రేక్ పైపులు. ఏసీ గురించి కుర్రాడు మెల్లగా అన్నాడు, ‘సార్, పేషెంట్ని తీసుకెళ్తారన్నారు కదా, ఏసీలో క్రిములుంటే ఆయనకే డేంజర్.’ ఆ మాటకి నా గొంతు ఎండిపోయింది. వెంటనే ‘అది చేసేయండి’ అన్నాను. బ్రేక్ పైపులు రెండు మార్చాలి, 4,600 అనగానే మాత్రం గుస్సా వచ్చింది. బ్రేకు పట్టినట్టే పడుతోంది. పెడల్ బాగానే ఉంది. మరి పైపులెందుకు? ఇదే ఫరేబ్ అనుకున్నాను. ఆలోచించుకుని వస్తానని కారు తీసుకుని బయటపడ్డాను.

నిజం చెప్పాలి కదా. పార్కింగ్‌లోనే మా డెస్కులో మిత్రుడికి ఫోన్ చేశాను. ‘షోరూంల్లో దోపిడీ, మంచి ఐటం, నా దగ్గర కాగితం ఉంది’ అన్నాను. హెడ్డింగు కూడా మనసులో తయారైపోయింది. కళ్లతో చూడకుండా రాసే అలవాటు లేనివాణ్ణి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక నెల రోజులు కూలిన కొబ్బరిచెట్లు లెక్కపెడుతూ తోటలన్నీ తిరిగాను. రైతు చెప్పిందీ నమ్మలేదు, కాగితంలో ఉన్నదీ నమ్మలేదు, చెట్టు దగ్గరికి వెళ్లి చూశాను. సొంత జేబు దగ్గరికొచ్చేసరికి ఆ ఇల్మ్ అంతా ఎటు పోయిందో తెలీదు.

మడపాం టోల్‌గేట్ దాటాను, నరసన్నపేట దాటాను, కోపం మాత్రం దిగలేదు. టెక్కలి వచ్చేసరికి గుర్తొచ్చింది, మన ఉస్తాద్ ఉన్నాడు కదా అని.

నేను ఉస్తాద్ అంటాను, ఊరంతా మేస్త్రి అంటారు. టెక్కలిలో హైవేకి కాస్త లోపల రేకుల షెడ్డు. గ్రానైట్ రాళ్లు మోసే లారీల దగ్గర పని మొదలుపెట్టి, తర్వాత కార్లకి వచ్చాడు. అరవై దాటాయి. క్వారీల మీద వార్త రాయడానికి వెళ్లినప్పటి పరిచయం. కాగితం చేతికిస్తే కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి ఒక్కో లైను చదివాడు. కుడివైపు చూడనే లేదు.

‘బావూ, బండి గుంత మీదకెట్టు’ అన్నాడు.

షెడ్డులో కిందకి దిగి పనిచేసే సిమెంటు గుంత ఉంది. కారు దాని మీద నిలబెట్టాను. ఆయన లైటు పట్టుకుని దిగాడు. నన్నూ దిగమన్నాడు. జుబ్బా పాడైపోద్ది అన్నాను. ‘మరేటి, డబ్బులు పాడైపోతే పరవానేదా?’ అన్నాడు. దిగాను.

కారు అడుగు చూడటం నాకదే మొదలు. పైన తెల్లగా మెరిసే బండికి కింద ఇంత తుప్పు ఉంటుందని అనుకోలేదు. ముందు నుంచి వెనక చక్రాలకి సన్నటి ఇనుప గొట్టాలు పోతున్నాయి. ‘ఇయ్యే బ్రేకు పైపులు’ అన్నాడు. క్లిప్పు పట్టిన చోట గరుకు కాగితం పెట్టి రుద్దాడు. ఎర్రటి పెళ్లలు నా చేతిమీద రాలాయి. కింద ఇనుము గుంటలు పడి కనిపించింది.

‘నౌపడా ఉప్పు మూటలో మేకు గుచ్చి నెల్లాళ్లు ఆగి సూడు, ఎలాగుంటాదో. మీ సిన్నాన్న ఊరు సముద్రం గట్టు. రాత్రంతా బండి ఆ గాల్లోనే ఉంటాది. వానాకాలం బురద, ఆపైన ఉప్పు గాలి. క్లిప్పు సందున తడి ఆరదు. ఆడే తినేస్తాది.’

‘బ్రేకు బాగానే పడుతోంది కదా ఉస్తాద్?’

‘ఒక్క సొట్ట పడేదాకా బాగానే పడతాది. గట్టిగా తొక్కిన రోజునే పగుల్తాది. ఆ రోజు ఎనక సీట్లో ఎవులుంటారు?’

నేను మాట్లాడలేదు.

మంగళవారం లోపు మార్పించమన్నాడు. అప్పటిదాకా మెల్లగా నడపమన్నాడు. నువ్వే వేసేయ్ అంటే ఒప్పుకోలేదు. ‘ఈ పైపుకి వంపులు కంపెనీవి ఉంటాయి. ఒరిజినల్ ఆడే దొరుకుతాది. నాను వంచితే ఎక్కడో రాసుకుంటాది. ఇది షోరూంలోనే ఏయించు.’ తన చేతికొచ్చిన పని ఒదులుకుంటున్నాడు. అప్పుడే నాకు సిగ్గు మొదలైంది.

బ్యాటరీ మాత్రం ఆయనకి నచ్చలేదు. అంటే, మార్చాలన్న మాట నచ్చలేదు. కొటేషన్లో కొత్త బ్యాటరీకి 5,700 ఉంది. మీటరు పెట్టి చూపించాడు, కాసేపు ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు. తర్వాత లోడ్ టెస్టర్ పెట్టాడు, సూది పచ్చరంగులోనే నిలబడింది. ‘ఎప్పుడు కొన్నావు?’ అన్నాడు. రెండేళ్లు కూడా కాలేదు. వారంటీ కార్డు ఇంట్లోనే ఉంది. ముందు బ్రేక్ ప్యాడ్లు చక్రం విప్పి చూపించాడు. మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలాయి. ‘ఇయి మార్చాల. అబద్దం కాదు.’

ఎంతివ్వమంటావు అంటే టీ తాగించమన్నాడు. బలవంతంగా మూడొందలు పెట్టాను.

కాశీబుగ్గలో ఇంటికి చేరేసరికి మగ్రిబ్ అయింది. ఖాలూ ఫోన్ చేశారు. ‘మంగళారం బండి ఉంటాదా బేటా?’ అన్నారు. ఉంటుంది అని చెప్పి, షోరూం కథంతా గుస్సాతో చెప్పాను. బేఈమాన్లు అన్నాను. ఆయన అంతా విని, కాసేపు ఆగి అడిగారు.

‘నా గజం కర్ర గుర్తుందా నీకు?’

గుర్తుంది. ఇత్తడి కొసలున్న కర్ర. సైకిల్ హ్యాండిల్‌కి కట్టేవారు. ఇప్పుడు వాళ్లింటి తలుపు వెనక ఉంది.

‘నాను బట్ట కొలిసేటప్పుడు రెండో కొస కొనేవోళ్ల చేత పట్టించీవోణ్ణి. పట్టుకుంటే నా కొలత వోళ్లకి కనపడతాది. కొందరు పట్టుకోరు, మాటలాడుకుంటూ కూకుంటారు. ఇంటికెళ్లి తగ్గిందంటారు. కొస పట్టుకోనోడికి అమ్మినోణ్ణి బేఈమాన్ అనే హక్కు లేదు బేటా.’

నాప్‌తోల్‌లో మోసం చేసేవాళ్ల గురించి ఖురాన్లో ఒక సూరా ఉంది, సూరా ముతఫ్ఫిఫీన్. చిన్నప్పుడు మదర్సాలో నేర్చుకున్నాం. అది అమ్మేవాళ్ల కోసమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒక మనిషి చెప్పిన నిజాన్ని చూడకుండానే అబద్ధం అనేయడం కూడా తూకంలో మోసమే కదా అని ఆ రాత్రి అనిపించింది.

ఇషా అయ్యాక బేగం, నేను చటాయి మీద కూర్చున్నాం. కారుతో వచ్చిన పుస్తకం డాష్‌బోర్డులోంచి తెచ్చాను. రెండో చేతికి కొన్న కారు కదా, ఆ పుస్తకం నేను అప్పటిదాకా తెరవలేదు. వెనక పేజీల్లో పట్టిక ఉంది. ఎన్ని కిలోమీటర్లకి, లేదా ఎన్ని నెలలకి, ఏది మార్చాలి, ఏది చూసి వదిలేయాలి. బేగం నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసింది. ఆమె పుట్టిల్లు పలాసే. జీడిపప్పు ఏరే ఇంట్లో పెరిగింది. గుండు, బద్ద, ముక్క వేరు చేసినట్టే ఈ కాగితాన్నీ ఏరుదాం అంది. పలాసలో పప్పు కొనేవాడు ఒట్టి పప్పు రేటు అడగడు. 240 నంబరా, 320 నంబరా, బద్దా, ముక్కా అని అడుగుతాడు. అన్నీ కలిపి ఒకే రేటు చెప్తే కొనేవాడు పారిపోతాడు. మరి కారు దగ్గర మనం అన్నీ కలిపిన రేటే ఎందుకు చూస్తాం?

మొదటి గడిలో పుస్తకం అడిగినవి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, వాషర్ 2,480. ఎయిర్ ఫిల్టర్ 420. ఏసీ ఫిల్టర్ 480. స్పార్క్ ప్లగ్గులు 960. కూలెంట్ 1,060. బ్రేక్ ఆయిల్ 700. లేబర్ 2,500. మొత్తం 8,600. బ్రేక్ ఆయిల్ దగ్గర నాకు షక్ ఉండేది, కారిపోలేదు కదా, ఎందుకు మార్చడం అని. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే బుడగలు వచ్చి పెడల్ మెత్తబడుతుంది. అందుకే కాలం చూసి మార్చమంటారు. మన తీరంలో అసలు వదలకూడదు.

రెండో గడిలో అరుగుదలవి. ఇవి పుస్తకం చెప్పదు, కన్ను చెప్పాలి. ప్యాడ్లు 3,300. బ్రేక్ పైపులు 4,600. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,300. బ్యాటరీ 5,700. మొత్తం 14,900. ఇందులో బ్యాటరీ తప్ప అన్నీ నిజమేనని గుంతలో దిగి చూసొచ్చాను.

మూడో గడిలో మిగతావి. ఇంజన్ ఫ్లషింగ్ 850. థ్రాటిల్ బాడీ 1,150. ఇంజెక్టర్ 1,700. ఏసీ డిసిన్‌ఫెక్షన్ 1,600. ఇంజన్ రూం కోటింగ్ 1,250. లోపల క్లీనింగ్ 1,650. బయట పాలిష్ 2,300. అండర్‌బాడీ కోటింగ్ 4,800. మొత్తం 15,300. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాం. వీటిలో ఒక్కటీ ఆ పట్టికలో లేదు. బండి వణకడం లేదు, పికప్ తగ్గలేదు, మైలేజీ పడిపోలేదు. జబ్బు లక్షణమే లేనప్పుడు ఈ మందులెందుకు? ఏసీలో వాసనా లేదు. ఎలాగూ ఏసీ ఫిల్టర్ మొదటి గడిలో మారుతోంది.

బేగం కలం ఆపి నా వంక చూసింది. ‘మీరు ఖాలూ పేరు చెప్పగానే ఒప్పుకున్నది ఏది? కోప్పడి కాదన్నది ఏది?’ అంది. ఒప్పుకున్నది ఏసీ క్రిముల మందు. కాదన్నది బ్రేక్ పైపు. ఖాలూ ప్రాణానికి అవసరమైనదాన్ని కొట్టేసి, భయపెట్టి అమ్మినదానికి తలూపాను. ఆ షోరూం వాళ్లు ఏం చేశారన్నది తర్వాత సంగతి. ఈ తప్పు మాత్రం నాదే.

అండర్‌బాడీ కోటింగ్ ఒక్కటి ఆలోచనలో పడేసింది. పుస్తకంలో లేదు. కానీ పుస్తకం రాసినవాళ్లు మన ఊరి గాలి చూడలేదు కదా. ఉస్తాద్‌కి ఫోన్ చేశాను. ‘మన సముద్రం గట్టున బండికి అది మంచిదే. కానీ తుప్పు గోకకుండా, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకుండా పైన నల్లరంగు కొట్టేస్తే లోపల తుప్పు లోపలే తింటాది. కడిగినాక ఓపాలి, కొట్టినాక ఓపాలి నీకు సూపించమను’ అన్నాడు. అంటే అదే పని, చేసే తీరుని బట్టి అవసరమూ అవుతుంది, ఫిజూల్ ఖర్చూ అవుతుంది.

ఆ రాత్రే ధరల సంగతి కూడా కాస్త చదివాను. మనలో చాలామందికి తెలీని విషయం ఒకటి దొరికింది. 2011 జనవరిలో షంషేర్ కటారియా అనే వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు పెట్టారు. కార్ల కంపెనీలు అసలు విడిభాగాలు బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నాయి, అందువల్ల చెప్పిన ధరే ధర అవుతోంది అని. కమిషన్ విచారించి 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకి పైగా జుర్మానా వేసింది. కొన్ని కంపెనీలు పై కోర్టులకి వెళ్లాయి. ఆ ఉత్తర్వులో మనకి పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు అని కంపెనీలు షరతు పెట్టకూడదు. బయటి పని వల్ల ఏ నష్టం జరిగిందో, ఆ మేరకే కాదనొచ్చు. ‘బయట ఆయిల్ మారిస్తే వారంటీ పోతుంది సార్’ అన్న మాట వినని కారు యజమాని ఉండడు. ఎవరైనా అలా అంటే ఏ షరతు ప్రకారమో చూపించమని అడగండి.

ఇంకోటి పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. లేబర్ మీద ముందు నుంచీ 18 శాతమే. కాబట్టి ఇప్పుడు లెక్క సులువు. కొటేషన్లో రేటు పన్నుతో కలిపా, పన్ను వేరా అన్నది ముందే అడగాలి. డబ్బా మీద ముద్రించిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ పన్ను వేయకూడదు. సామాను ధర డబ్బా చెప్తుంది. లేబర్ ధరకి డబ్బా లేదు. అందుకే నేను అదే కంపెనీ ఇంకో షోరూంకి ఫోన్ చేసి అరవై వేల సర్వీసు లేబర్ ఎంత అని అడిగాను. నూట యాభై రూపాయల తేడాతో అదే చెప్పారు. అంటే లేబర్ దగ్గర వీళ్లు నన్ను మోసం చేయలేదు. అదీ రాసుకున్నాను.

సోమవారం పొద్దున మెల్లగా నడుపుకుంటూ మళ్లీ వెళ్లాను. అదే కుర్రాడు. ఈసారి సోఫాలో కూర్చోలేదు. ‘బాబూ, బండి లిఫ్ట్ మీద పెట్టి నాకు కింద చూపిస్తావా?’ అన్నాను. వాడు ఆశ్చర్యపోయాడు. చూపించాడు. బ్రేక్ పైపు దగ్గర తనే వేలు పెట్టి, ‘సార్, మొన్న ఇదే చెప్పబోయాను, మీరు కోప్పడ్డారు’ అన్నాడు. మాఫ్ చెయ్యమన్నాను. వాడు ఇబ్బందిగా నవ్వాడు.

తర్వాత నోట్‌బుక్ తీశాను. బ్యాటరీ టెస్ట్ చేశారా అని అడిగాను. రెండేళ్లు దాటితే కంప్యూటర్లో వస్తుంది సార్ అన్నాడు. వారంటీ కార్డు చూపించాను, తీసేశాడు. ఇంజన్ ఫ్లషింగ్, థ్రాటిల్, ఇంజెక్టర్, ఈ మూడూ నా పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాయి అని అడిగాను. వాడు పుస్తకం తిప్పలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ‘లేవు సార్. మాకు టార్గెట్ ఉంటాది. నెలకిన్ని అని.’ ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో నాకు మా ఆఫీసు కనిపించింది. మాకూ చందాల టార్గెట్లు, ప్రకటనల టార్గెట్లు ఉంటాయి. దసరాకి, సంక్రాంతికి ఎవరెవరి గుమ్మాల ముందు నిలబడ్డానో నాకు తెలుసు. వాడి మజ్‌బూరీ నాకు అర్థమైంది. అయినా డబ్బు మాత్రం నాది, మా అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం అల్మారాలో పెట్టినది. రెండూ నిజాలే.

కొత్త కొటేషన్ వచ్చింది. మొదటి గడి 8,600. ప్యాడ్లు, పైపులు, అలైన్‌మెంట్ కలిపి 9,200. అండర్‌బాడీ కోటింగ్ 4,800, కడిగాక ఫోటో, కొట్టాక ఫోటో పంపే షరతు మీద. మొత్తం 22,600. మొదటి కాగితానికీ దీనికీ తేడా 16,200. బేరమాడి ఒక్క రూపాయి తగ్గించలేదు. అక్కర్లేని పనులు తీసేస్తే తగ్గిందంతే. జాబ్ కార్డు మీద రెండు మాటలు రాయించాను. ఇందులో లేని పని ఏదైనా తేలితే ఫోన్ చేసి ఒప్పుకున్నాకే చేయాలి. మార్చిన పాత సామాన్లు డిక్కీలో పెట్టాలి.

సాయంత్రం బండి తీసుకున్నప్పుడు పాత పైపులు డిక్కీలో ఉన్నాయి. ఒకదాన్ని రెండు చేతులతో వంచి చూశాను. తుప్పు పట్టిన చోట పుల్లలా విరిగింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. బిల్లు వరసగా చదివాను, ఈసారి ఎడమ నుంచి కుడికి. కొత్త ప్యాడ్ల ఖాళీ డబ్బా అడిగి ఎమ్మార్పీ చూసుకున్నాను. సరిపోయింది. డెస్కు మిత్రుడికి ఫోన్ చేసి ఆ ఐటం లేదని చెప్పాను. ‘ఏం, సర్దేశారా?’ అని నవ్వాడు. నవ్వనిచ్చాను.

మన ఇళ్లల్లో ఇప్పుడు కార్లు పెరిగాయి. అబ్బా కొన్నదో, గల్ఫ్ నుంచి తమ్ముడు డబ్బు పంపితే కొన్నదో, ఈఎంఐల మీదదో. సర్వీసుకి వెళ్లడం మాత్రం ఇంకా మగవాళ్ల సిగ్గు వ్యవహారంగానే ఉంది. తెలీదని చెప్పడానికి సిగ్గు, కిందకి వంగి చూడటానికి సిగ్గు, ఇది ఎందుకు అని అడగడానికి సిగ్గు. అడక్కుండా కట్టేసి, ఇంటికొచ్చి తిడతాం. లేదంటే అసలు వెళ్లం, బ్రేకులు పోయేదాకా. అలా కాకుండా ఒక్కో లైను దగ్గర ఆగి మూడు మాటలు అడిగితే చాలు. పుస్తకం అడిగిందా? లేకపోతే కంటికి చూపిస్తావా? ఈ ధర డబ్బా మీద ఉందా, లేక నువ్వు చెప్తున్నదా? వీటికి సూటిగా జవాబు వచ్చిన లైను ఎంత పెద్దదైనా అది ఇన్సాఫ్ ధరే, కట్టేయండి. రాని లైను రెండొందలైనా కట్టక్కర్లేదు. బిల్లు ఇవ్వనన్నా, ఎమ్మార్పీ మీద ఎక్కువ గుంజినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు. కానీ ఆ నంబరు దాకా వెళ్లే ముందు పుస్తకం తెరవండి. ఇంట్లో ఆడవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. పప్పు ఏరే కళ్లు వాళ్లవి.

మంగళవారం ఖాలూని ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నాను. వెనక సీట్లో ఖాలా ఒళ్లో తల. కళ్లు మూసుకునే ఉన్నారు. ఊరి మలుపు దగ్గర మేకలు అడ్డం వచ్చాయి. బ్రేకు తొక్కాను. బండి నిలబడింది.

‘ఎంతయింది బేటా మొత్తం?’ అన్నారు కళ్లు తెరవకుండానే.

చెప్పాను.

‘కొస పట్టుకున్నావా?’

పట్టుకున్నాను ఖాలూ అన్నాను. మేకలు పోయేదాకా ఆగి, బండి మళ్లీ కదిలించాను.